కన్నీటి తిత్తిలో చీము, నల్లగుడ్డు మీద పుండు: గోదావరి డెల్టా నుంచి ఒక పరిశీలన

కార్తీకం దాటేసరికి రామచంద్రపురం చుట్టుపక్కల సార్వా కోతలు ఊపందుకుంటాయి. కొత్త ధాన్యాన్ని రోడ్డు పక్కన, కాలవ గట్ల మీద బరకాలు పరిచి ఆరబోస్తారు. ఎగబోసేటప్పుడు లేచే దుమ్ము, పొట్టు పనిచేసేవాళ్ల కళ్లలోనూ, మోటారు సైకిలు మీద పోయేవాళ్ల కళ్లలోనూ పడతాయి. నలుసు పడిందని కన్ను నులుముకుని మళ్లీ పనిలో పడతారు. చాలామందికి అంతటితో సరి. ఏ కొందరికో మాత్రం నాలుగు రోజులు తిరక్కుండానే నల్లగుడ్డు మీద తెల్లమచ్చ లేచి పుండవుతుంది, మానినా పువ్వు మిగులుతుంది. ఆ కొందరికే ఎందుకు? ఈ ప్రశ్నకున్న జవాబుల్లో ఒకటి కంటికీ ముక్కుకీ మధ్యనున్న కన్నీటి తిత్తి. ఆ జవాబుకు ఆధారాలు ఎంత గట్టివో చూద్దాం.

కన్నీరు రెప్పల లోపలి కొసన ఉన్న సన్నని రంధ్రాల గుండా తిత్తిలోకి, అక్కణ్ణుంచి నాళం ద్వారా ముక్కులోకి దిగుతుంది. కంట్లో చుక్కల మందు వేస్తే కాసేపటికి గొంతులో చేదు తగిలేది ఇందుకే. నాళం మూసుకుపోతే మురుగు కోడు పూడిన చేలో నీళ్లలా కన్నీరు తిత్తిలో నిలిచిపోయి, సూక్ష్మజీవులకు నెలవవుతుంది. నలభై దాటిన ఆడవాళ్లలో ఇది ఎక్కువ. వాళ్లకు నాళం సాగే ఎముక సందు ఇరుకుగా ఉండటమే కారణమని సాధారణంగా చెబుతారు. అయితే అదొక్కటే కారణమని తేలలేదు. మొదట ఊరికే నీరు కారుతుంది, తర్వాత పుసి కడుతుంది. వయసు మీద పడిందిలే అని ఏళ్ల తరబడి కొంగుతో తుడుచుకుంటూ గడిపేస్తారు.

ఇలా ఏళ్ల తరబడి చీము కంట్లోకి ఊరుతున్నా చాలామందికి కార్నియా, అంటే నల్లగుడ్డు, చెడదు. గోనోకాకస్ వంటి కొన్ని తప్ప, బాక్టీరియా చాలావరకు చెక్కుచెదరని పైపొరను దాటి లోపలికి పోలేవు. పొట్టుముక్క గీరుకున్నప్పుడే తలుపు తెరుచుకుంటుంది. మామూలు కంటికీ తిత్తి నిండా చీమున్న కంటికీ తేడా తెలిసేది అప్పుడే. ఒక అంచున మానుతూ మరో అంచున పాకిపోయే పుండును జర్మన్ వైద్యుడు సేమిష్ 1870లో వర్ణించాడు. దానికి ముఖ్య కారకమైన న్యుమోకాకస్, చీము పట్టిన తిత్తుల్లోనూ తరచుగా దొరికే బాక్టీరియానే. ఈ పుండు ముదిరితే నల్లగుడ్డు వెనక, కింది భాగంలో చీము తెల్లటి పొరలా పేరుకుంటుంది.

లెక్కలకు వద్దాం. మధురైలో 1994లో మూడు నెలల్లో పరీక్షించిన 434 మంది పుండు రోగుల్లో 65.4 శాతం మందికి ముందు కంటికి దెబ్బ తగిలింది. కల్చర్‌లో పెరిగిన బాక్టీరియాల్లో న్యుమోకాకస్ వాటా 44.3 శాతం. చూడగానే తిత్తి మీదే నేరం మోపాలనిపిస్తుంది. కానీ న్యుమోకాకస్ ఆరోగ్యవంతుల ముక్కులోనూ, గొంతులోనూ ఉంటుంది కాబట్టి ఆ అంకె ఒక్కటే సాక్ష్యం కాదు. తిరునల్వేలిలో 1999 నుంచి 2002 వరకు చూసిన 3,183 పుండ్లలో ఒక తేడా కనబడింది: శిలీంధ్రాల పుండ్ల వెనక మట్టి, మొక్కల దెబ్బలు ఎక్కువ. బాక్టీరియా పుండ్ల వెనక అంతకుముందే ఉన్న కంటి జబ్బులు ఎక్కువ. తిత్తి వాదానికి ఇది బలమే, అయితే ఆ కంటి జబ్బుల్లో తిత్తి చీము ఒకటి మాత్రమే. పైగా ఇవన్నీ ఆసుపత్రికి వచ్చినవాళ్ల లెక్కలు. నీరు కారే కన్నున్న నూరుమందిలో ఎందరికి పుండు లేస్తుందో వీటి నుంచి తేలదు.

జనం మధ్యకు వెళ్లి చేసిన అధ్యయనం మనకు దగ్గర్లోనే ఉంది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996-2000 మధ్య జరిపిన సర్వేకు ఎంచుకున్న మూడు గ్రామీణ ప్రాంతాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. మొత్తం 10,293 మందిని చూస్తే 86 మందికి కనీసం ఒక కన్ను కార్నియా జబ్బుతో పోయింది. చిన్నతనపు కార్నియా వాపులు, దెబ్బలు, పెద్దయ్యాక వచ్చిన వాపులు ముఖ్య కారణాలు. వీటిలో దాదాపు 95 శాతం తప్పించదగినవేనని పరిశోధకులు తేల్చారు. నా అంచనాలో తిత్తి వాటా చిన్నదే. కానీ పుండుకు ముందే చేత్తో పట్టుకోగల కారణాలు కొన్నే ఉన్నాయి, అది వాటిలో ఒకటి.

గీత పడ్డ వెంటనే అడ్డుకోలేమా? నేపాల్‌లోని భక్తపూర్‌లో గీత పడ్డ కళ్లకు క్లోరంఫెనికాల్ లేపనం రోజుకు మూడుసార్లు, మూడు రోజులు రాశారు. పద్దెనిమిది గంటల్లోపు మొదలుపెట్టిన 284 మందిలో ఒక్కరికీ పుండు లేవలేదు. అయితే అదే దేశంలో గ్రామ కార్యకర్తలతో చేయించిన, 2022లో వెలువడిన పెద్ద పోలిక పరీక్షలో పుండ్ల సంఖ్య తగ్గలేదు. మొదటిదాన్ని చూసి సంబరపడ్డవాళ్లు రెండోదాన్నీ చదవాలి.

తిత్తి పరీక్షకు మాత్రం యంత్రం అక్కర్లేదు. వైద్యులు లోపలి కంటికొస కింద, ముక్కు పక్కన వేలితో నొక్కుతారు. నాళం మూసుకుపోయి ఉంటే రెప్ప రంధ్రం నుంచి చిక్కటి పుసి పైకి ఉబుకుతుంది. అనుమానముంటే సూదిలేని సన్నని గొట్టంతో నీరు పంపి, గొంతులోకి దిగిందా అని అడుగుతారు. శుక్లాల ఆపరేషన్‌కు ముందు ఇది చూసేది అందుకే: తిత్తిలోని బాక్టీరియా కంటి లోపలికి చేరితే కన్నే పోవచ్చు. తిత్తి దగ్గర ఎర్రగా వాచి నొప్పి పెడుతుంటే మాత్రం ఇంట్లో నొక్కి చూడకూడదు.

చుక్కల మందుతో చీము తగ్గినట్టే ఉండి మళ్లీ ఊరుతుంది, దారి మూసే ఉంది కదా. 1904లో ఇటలీ వైద్యుడు తోతి తిత్తి నుంచి ముక్కులోకి ఎముక గుండా కొత్త దారి తీశాడు. ఈనాటి డీసీఆర్ ఆపరేషన్‌కు మూలం అదే. పుండు ఉండగా తిత్తిని తీసేయాలా, దారి చేయాలా అన్నది రోగిని బట్టి వైద్యులు తేల్చుకుంటారు. పుండుకు మందు వేస్తూ తిత్తిని వదిలేయడం మాత్రం పొరపాటే. చెరువు స్నానాలున్న చోట రైనోస్పోరిడియం అనే జీవి తిత్తిలో కండ పెంచడం కూడా దక్షిణ భారతంలో, శ్రీలంకలో కనబడుతుంది. కన్నీటిలో రక్తం కలిస్తే దాన్ని గుర్తు చేసుకోవాలి.

నలుసును నాలుకతో తీయించుకోకండి, చనుబాలు పిండించుకోకండి. మందుల షాపులో ఇచ్చే స్టెరాయిడ్ చుక్కలు అసలే వద్దు, శిలీంధ్రపు పుండును అవి ఎగదోస్తాయి. నొప్పి, ఎరుపు, మసక మర్నాటికీ తగ్గకపోతే కోత పని ఆపి కంటి డాక్టరు దగ్గరకు వెళ్లండి. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి దగ్గర్లోనే ఉంది. ఇంట్లో ఎవరి కన్నయినా ఏడాదిగా నీరు కారుతుంటే ఆ మాట కూడా డాక్టరుతో చెప్పండి.