ఉప్పల్ భాగాయత్: పేరులో మిగిలిన తోట



ఉప్పల్ అనగానే ఎవరికైనా క్రికెట్ స్టేడియమో, వరంగల్ బస్సులాగే కూడలో గుర్తుకొస్తుంది. నాచారమంటే కర్మాగారాలు. మా నాన్నగారు నాచారం పారిశ్రామికవాడలో పాతికేళ్ళు ఫిట్టరుగా పనిచేశారు. సైరను మోతే మా ఇంటి గడియారం. అయినా కాస్త దూరంలో ఒక నది ఉన్నదన్న స్పృహ లేకుండానే నా బాల్యం గడిచిపోయింది. మొన్నొక ఆదివారం ఉదయం ఆ లోటు తీర్చుకుందామని నాచారం నుంచి మూసీ దాకా నడిచాను.

ఈ ప్రాంతపు చరిత్రను రాళ్ళలోకన్నా పేర్లలో వెతకడం సులభం. ఉప్పల్ కలాన్ అనే పాతపేరులోని కలాన్ పారసీకపదం, పెద్దది అని అర్థం. నిజాం కాలపు రెవెన్యూ భాషలో మెట్ట భూమి ఖుష్కీ, మాగాణి తరీ, తోటభూమి బాగాయత్. ఆ చివరి మాటే ఏటివైపున్న ఉప్పల్ భాగాయత్‌లో నిలిచింది. అంటే ఇది ఒకప్పుడు నీరు పారిన తోటల నేల.

చిత్రమేమిటంటే, నాచారంలో నందమూరి తారక రామారావుగారు నెలకొల్పిన రామకృష్ణా స్టూడియో పేరులోనూ హార్టికల్చర్ అన్న మాట ఉండేది. కర్మాగారాల నడుమ కూడా తోట మాట పోలేదన్నమాట!

హబ్సిగూడ దాటి ఉప్పల్ రోడ్డెక్కితే సీసీఎంబీ, 1961లో ఏర్పడిన ఎన్జీఆర్ఐ కనిపిస్తాయి. ఇంకొంత ముందుకు వెళితే సర్వే ఆఫ్ ఇండియా. ఒకరు జీవకణాన్ని, ఒకరు భూగర్భజలాన్ని పరిశోధిస్తారు. మరొకరు దేశానికి పటాలు గీస్తారు. నది మాత్రం ఈ రోడ్డు నుంచి కనబడదు. 2005లో తొలి అంతర్జాతీయ పోటీ జరిగిన స్టేడియాన్నీ, 2023లో ఉప్పల్ కూడలిలో తెరిచిన ఆకాశవంతెననూ దాటి, నాగోలు దగ్గర ఏటి ఒడ్డుకు చేరాను.

ముందుగా ముక్కుకు తగిలింది వాసన. ఆ తర్వాత కంటికి తగిలింది పచ్చదనం! కనుచూపు మేరా గడ్డి.

ఈ పచ్చదనానికి మూలం 1908 సెప్టెంబరు 28 నాటి వరద. ఆ విలయం తర్వాత విశ్వేశ్వరయ్యగారిని పిలిపించారు. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. నగరానికి వరదభయం తగ్గింది, తాగునీరు దొరికింది. కానీ అనంతగిరి కొండల నీరు జలాశయాల్లో ఆగిపోగా, దిగువన ఏటిలో ఏడాది పొడవునా పారేది నగరం వాడి వదిలిన నీరే అయింది. నగరం పెరిగినకొద్దీ ఆ నీరూ పెరిగింది. వేసవిలోనూ ఎండని ఈ నది మన స్నానాలగదుల నుంచీ కార్ఖానాల నుంచీ పుడుతున్నది.

గడ్డిమోపు కడుతున్న ఒక పెద్దావిడను పలకరించాను.

"అమ్మా, పూర్వం ఇక్కడ ఏం పండేది?"

"మా అత్త కాలంల వరి, కూరగాయలు పండేటియట సారూ. నీళ్ళు గిట్లయినంక గడ్డే మంచిగ పెరుగుతది. బర్లోళ్ళు కొంటరు."

"భూమి మీదేనా?"

"గడ్డి మాది. భూమి కౌలుది."

ఆ జవాబు నన్ను వదలలేదు. 2019లో ఉప్పల్ భాగాయత్ ప్లాట్లను హెచ్ఎండీఏ వేలం వేసింది. మూసీ తీరాభివృద్ధికి 2017లో సంస్థ ఏర్పడింది; 2024లో నగరంలో నదీగర్భపు ఇళ్ళకు గుర్తులు వేశారు. ఏరు శుభ్రపడాలి, ఒడ్డున నడకదారులు రావాలి. అందులో రెండో మాట లేదు. మురుగునీటి గడ్డి ఆరోగ్యమని నేననను. కానీ మనం పాడుచేసిన నీటితోనే ఇన్నేళ్ళూ నగరపు పాలగేదెలకు మేత పండించినవారి పేరు ఏ పట్టాలోనూ లేదు. నీరు బాగుపడిన నాడు వారికి మళ్ళీ కూరగాయల మడి దక్కుతుందా, లేక నడకదారి పక్కన నిలబడి చూడటమే మిగులుతుందా?

ఇంటికి వచ్చి నాన్నగారినడిగాను, ఎప్పుడైనా ఏటివైపు వెళ్ళారా అని. "షిఫ్టు దిగేసరికి చీకటిపడేది నాయనా!" అన్నారు.

వచ్చే ఆదివారం ఆయన్ను తీసుకువెళదామనుకుంటున్నాను. వాసన గురించి ముందే చెప్పాను. ఫరవాలేదన్నారు.