లాఠీ, పట్టా: ఆసిఫాబాదు అడవి సీమ చరిత్ర

శాంతి, భద్రత అనే రెండు మాటలను జంటగా పలకడానికి మనం అలవాటుపడినాము. కాని వెనుకటి ప్రభుత్వాల నడవడి చూచినచో, భద్రత కోసం ఠాణాలు కట్టించినవారు అనేకులు; అశాంతికి మూలమేమని విచారించినవారు కొద్దిమంది. ఫలానా తాలూకాలో నేరాలు పెచ్చుపెరిగినవని, జనం చట్టాన్ని లెక్కచేయడం లేదని క్రింది అధికారి నివేదిక పంపినప్పుడు పైవారు చేయగల పనులు రెండున్నవి. బలగాన్ని పంపడం ఒకటి. నేరమని పేరుపడిన ఆ పనిని జనం ఎందుకు చేయుచున్నారో తెలుసుకొని రమ్మని ఒక మనిషిని పంపడం రెండవది. ఒకే ప్రభుత్వం, ఒకే ప్రాంతంలో, పదేళ్ళలోపుగా ఈ రెండు పనులనూ చేసి చూచిన సందర్భమొకటి మన తెలుగునాట కలదు. అది ఆసిఫాబాదు అడవి సీమ కథ.

గోలేటి పేరు చెప్పగానే నేడు మనకు స్ఫురించేది సింగరేణి బొగ్గు. గనుల కాలనీ, షిఫ్టులకు పోయి వచ్చే కార్మికులు, బొగ్గు లారీలు, ఇదీ ఆ ఊరి ముఖచిత్రం. ఆ ఊరున్న రెబ్బెన మండలంలోనే ఆసిఫాబాదు రోడ్డు రైలు స్టేషను ఉన్నది. అక్కడ దిగి పడమటికి పోయినచో ఆసిఫాబాదు, దానిని దాటి కెరమెరి, జైనూరు కొండలు, ఆవల ఉట్నూరు వస్తవి. ఇది గోండుల, కోలాముల, నాయకపోడుల, పరధానుల, తోటీల సీమ. ఒకప్పుడు చాందా గోండు రాజుల పలుకుబడి ఇచటివరకు సాగినది. పిదప ఇది నిజాం రాజ్యంలో భాగమైనది.

గోండు రైతు సేద్యపు తీరు సంగతి ముందుగా చెప్పవలె. అతడు ఒకచోట కొన్నేళ్ళు దున్ని, నేల అలసినప్పుడు దానిని బీడు పెట్టి, ప్రక్క నేలకు మరలేవాడు. నేల విస్తారంగాను, జనం పలుచగాను ఉన్నన్నాళ్ళు ఈ పద్ధతికి ఎవరి అభ్యంతరమూ లేకపోయినది. శిస్తు కట్టేవాడే కాని, ఆ నేల తనదని చెప్పే కాగితం మాత్రం అతని చేతిలో ఉండేది కాదు. పట్టా లేకుండ ఏటికేడు శిస్తు చెల్లించి దున్నుకొనే ఈ పద్ధతిని రెవెన్యూ లెక్కలలో ‘శివాయి జమాబందీ’ అనేవారు. కాగితం లేనివానికి హక్కు లేదనే సంగతి, కాగితం ఉన్నవాడు వచ్చి నిలువబడిన నాటివరకు అతనికి తెలియలేదు.

ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశాబ్దాలలో మార్పులు రెండు వైపులనుండి వచ్చిపడినవి. జంగ్లాత్ శాఖవారు అడవికి హద్దులు గీచి రిజర్వు చేసినారు. బీడుపెట్టిన పాత చేలు అనేకం ఆ గీతల లోపల చిక్కినవి. కొన్ని గూడేలే లోపల చిక్కినవి. రెండవ మార్పు దారుల వలన వచ్చినది. 1927లో బెల్లంపల్లి ప్రాంతాన బొగ్గు తవ్వకం మొదలైనది. 1929 నాటికి కాజీపేట నుండి బల్లార్షాకు రైలుమార్గం పూర్తి అయినది. రైలు వెంట వర్తకులు, వడ్డీవ్యాపారులు, భూమి కోసం వెదకే రైతులు వచ్చినారు. వారికి కచ్చేరీ భాష తెలుసును. దరఖాస్తు పెట్టడం తెలుసును. గోండుకు ఆ భాష తెలియదు.

ఇక నేరాలు ఎట్లు పెరిగినవో చూడండి. నిన్నటివరకు నాగలికి కర్ర నరకడం ఇంటిపని, నేడు నేరం. పశువులను అడవిలోకి తోలడం నిత్యకృత్యం. నేడు బంచరాయి కట్టనిచో నేరం. బీడుచేను మరల దున్నడం తాతలనాటి రివాజు. నేడు సర్కారు అడవిని ఆక్రమించడం. మనిషి మారలేదు, పని మారలేదు. ఆ పని పేరు మాత్రం మారినది. జుల్మానా కట్టడానికి రొక్కం కావలె. రొక్కం కోసం షావుకారు గడప తొక్కవలె. అప్పు క్రింద ధాన్యం పోవును, ధాన్యం చాలనిచో ఎడ్లు పోవును, చివరకు చేనే పోవును. చేను పోయినవాడు మరల అడవి నరుకును; అది మరొక నేరం. దండన వలన నేరం తగ్గకపోగా, దండనయే మరుసటి నేరానికి విత్తనమైనది.

ఈ చక్రంలో నలిగినవారిలో కొమురం భీము ఒకడు. చేను విషయమై జరిగిన ఘర్షణలో అతని చేత ఒక ప్రాణం పోయినది. అతడు అస్సాం పారిపోయి, తేయాకు తోటలలో కొన్నేళ్ళు పనిచేసి, తిరిగి వచ్చినాడు. చట్టం దృష్టిలో అతడు హంతకుడు, పరారీలో ఉన్నవాడు. ఈ మాట దాచవలసిన పని లేదు. కాని బాబేఝరీ, జోడేఘాటు మొదలైన పన్నెండు గూడేలవారు తమ భూమి గురించి సర్కారుతో మాట్లాడగల మనిషిగా అతనినే ఎంచుకొన్నారు. కచ్చేరీల చుట్టూ తిరిగినారు. భీము న్యాయం కోరుతూ హైదరాబాదు దాకా పోయినాడని, దర్శనం దొరకక మరలి వచ్చినాడని గిరిజనుల కథనం. అధికారుల కాగితాలలో మాత్రం ఇది తిరుగుబాటుగా నమోదైనది. 1940లో సాయుధ బలగం జోడేఘాటు కొండ ఎక్కినది. కాల్పులలో భీము, అతని అనుచరులు పలువురు మరణించినారు.

మొదటి పద్ధతి అంతటితో ముగిసినది. కొండ నిశ్శబ్దమైనది కాని, జంగ్లాత్ హద్దు కదలలేదు, అప్పు తీరలేదు, పట్టా రాలేదు. నిజాం ప్రభుత్వంలో కొందరికైనా ఈ సంగతి తోచడం విశేషం. ఆ రోజులలో క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త హైదరాబాదు రాజ్యంలో ఉన్నాడు. వియన్నాలో పుట్టినవాడు. 1939లో యుద్ధం మొదలగుటతో శత్రుదేశపు పౌరునిగా లెక్కకు వచ్చి, ఈ రాజ్యంలోనే ఉండవలసివచ్చినది. ఆ కాలాన్ని అతడు చెంచుల నడుమ, పాపికొండల రెడ్ల నడుమ, పిమ్మట గోండుల నడుమ గడిపినాడు. గోండుల స్థితి పరిశీలించి నివేదిక ఇమ్మని ప్రభుత్వం అతనిని కోరినది.

హైమండార్ఫు గూడేలలో నివసించి, వారి భాష నేర్చి, ఏ చేను ఎవరిది, ఎప్పుడు ఎవరి పేరెక్కినది అని విచారించినాడు. అలజడికి మూలం గోండుల స్వభావంలో లేదనీ, భూమి చేజారడంలోను, అడవి నుండి వెళ్ళగొట్టడంలోను, చిన్న ఉద్యోగుల వసూళ్ళలోను ఉన్నదనీ తేల్చినాడు. అతని నివేదికలు నాలుగు 1945లో ఒక గ్రంథంగా వెలువడినవి. అప్పటి రెవెన్యూ శాఖ సభ్యుడు గ్రిగ్‌సన్ కూడ బస్తరు గోండులను గురించి పుస్తకం వ్రాసినవాడే కావడం వలన, నివేదిక బీరువాలో మూలుగలేదు.

1943లో మార్లవాయి గ్రామంలో గోండు ఉపాధ్యాయులకు శిక్షణాకేంద్రం వెలసినది. గోండి భాషలో వాచకాలు తయారైనవి. చదువు వచ్చిన గోండు యువకుడు గూడెంలో ఒక్కడున్నను, పట్వారీ వ్రాసిన కాగితాన్ని చదివి చెప్పగలడు. ఆ ఒక్క సంగతితోనే ఎన్నో మోసాలు ఆగును. భూమి విషయంలో ప్రత్యేక లావణి నిబంధనలు చేసి పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టినారు. 1949 నాటికి పదకొండు వేలకు పైగా కుటుంబాలకు సుమారు 1,60,000 ఎకరాలు ఇచ్చినట్లు లెక్క. 1940లలోనే గిరిజన ప్రాంతాలకు ప్రత్యేక నిబంధన వచ్చినది; 1949లో దాని క్రింద నియమాలు ఏర్పడినవి. గిరిజన పంచాయతీలు చిన్నచిన్న తగవులను అక్కడికక్కడ తీర్చే ఏర్పాటు అందులోనిదే. తగవు గూడెంలో తీరినచో ఠాణాకు పోనక్కరలేదు. ఠాణాకు పోనిచో అప్పుకు పోనక్కరలేదు.

గోదావరికి ఈవల, మదరాసు ఏజన్సీలో, గిరిజనుల భూమి ఇతరులకు పోకుండ 1917లోనే చట్టం చేసినారు. రంపలో 1879లో చెలరేగిన పితూరీ నేర్పిన పాఠాలు దాని వెనుక ఉన్నవి. నైజాంలో ఆ పాఠం తెలియడానికి మరొక తరం పట్టినది. జోడేఘాటు మూల్యం చెల్లించవలసివచ్చినది.

కథ ఇక్కడ సుఖాంతమైనచో బాగుండెడిది. కాని పట్టా ఇవ్వడం వేరు, ఇచ్చిన పట్టాను కాపాడడం వేరు. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన పిదప, 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1963లో తెలంగాణకు వర్తింపజేసి, పాత హైదరాబాదు నిబంధనను తొలగించినారు. 1970లో సవరణ చేసి, షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరుని చేతిలోని భూమి గిరిజనునిదేనని మొదట భావించవలెనని, కాదని రుజువు చేయవలసిన భారం గిరిజనేతరునిదేనని శాసించినారు. చట్టం కఠినమైనదే. కాని అమలు చేయవలసిన కచ్చేరీ దూరం, వాయిదాలు దీర్ఘం, వలస వచ్చేవారి ఒత్తిడి అధికం. 1970ల చివర హైమండార్ఫు మరల వచ్చి, తాను చూచిన పట్టా భూములు ఎన్నో చేతులు మారిపోయిన తీరును తన 1982 నాటి గ్రంథంలో వ్రాసినాడు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో సంతరోజున గిరిజనులు భూసమస్యలపై సభ తలపెట్టినారు. మొదట ఇచ్చిన అనుమతిని ప్రభుత్వం రద్దు చేసినది. ఆ సంగతి తెలియక గూడేలనుండి నడచి వచ్చినవారు అనేకులు. పోలీసులు కాల్పులు జరిపినారు. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వ లెక్క. అంతకు ఎన్నో రెట్లని పౌరహక్కుల సంఘాలవారు అన్నారు. జోడేఘాటు నాటికి, ఇంద్రవెల్లి నాటికి ప్రభుత్వం మారినది, రాజరికం పోయి ప్రజాస్వామ్యం వచ్చినది. తగవు మాత్రం అదే, సమాధానమూ అదే.

మేము ఇక్కడ ఒక పక్షానికి వకాల్తా పుచ్చుకొనుట లేదు. అడవిని కాపాడే ఉద్యోగి కూడ చట్టం తనకు అప్పగించిన పనినే చేయుచున్నాడు. 2019 జూన్ 30న కాగజ్‌నగర్ మండలం సార్సాలలో మొక్కలు నాటించడానికి వెళ్ళిన ఒక మహిళా అటవీ అధికారిని కర్రలతో కొట్టినారు. అది నేరమే, అరెస్టులు జరిగినవి, జరుగవలసినవే. కాని దండించి ఊరుకొన్నచో, మరుసటి వానాకాలం నాగలికీ మొక్కకూ మధ్య అదే చేను మిగులును. 2006లో పార్లమెంటు చేసిన అటవీ హక్కుల చట్టం ఈ ముడిని విప్పడానికి ఉద్దేశించినదే. 2023 జూన్ 30న తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీని ఆసిఫాబాదులోనే ప్రారంభించినది. లక్షన్నర మందికి నాలుగు లక్షలకు పైగా ఎకరాలపై పట్టాలని అప్పుడు ప్రకటించినారు.

ఈ చరిత్ర నుండి మనం తీసికొనవలసినది ఒక కొలమానం. ఒక ప్రాంతంలో నేరాలు తగ్గించినామని ఏ ప్రభుత్వమైనను చెప్పినప్పుడు, ఎందరిని పట్టుకొన్నారని అడగడం సహజం. దానితోపాటు, పట్టుబడినవాని ఇంట ఆ ఏడు ఏమి పండినది, ఆ పంట ఎవరి పేర ఉన్నది అని కూడ అడుగవలె. 2016లో ఏర్పడిన జిల్లాకు కొమురం భీము పేరు పెట్టినారు. ఒకనాడు పోలీసు కాగితాలలో పరారీగా ఉన్న పేరు నేడు ప్రతి సర్కారు కాగితానికి శిరోనామగా ఉన్నది. ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాటులో ఏటేట జరిగే సంస్మరణకు అధికారులు కూడ హాజరగుచున్నారు. ఆ గౌరవం మంచిదే. కొండ క్రింది గూడెంలో ఒక రైతు తన పట్టా నంబరు చెప్పి, అది ఇంకను తన పేరనే ఉన్నదా అని అడిగినప్పుడు, తిప్పి పంపక జవాబు చెప్పే కచ్చేరీ ఉన్ననాడు ఆ గౌరవం నిండును.