సేవకుల ఇంటి నవలాకారిణి – కృపాబాయి సత్యనాథన్

మన సంఘాల జూబిలీ సంచికలు తిరగేస్తే మొదటి పుటలలో మిషనరీ దొరల చిత్రాలు, తరువాత దేశీయ పాస్టర్ల చిత్రాలు వరుసగా కనిపిస్తాయి. వారి భార్యలు కొందరు "పాస్టరమ్మగారు" అన్న ఒక్క మాటలోనే ఉండిపోతారు. కుమార్తెలూ కోడళ్లూ ఆ ఒక్క మాటకూ నోచుకోరు. అలాంటి ఒక కుమార్తెను, ఒక కోడలిని ఈ వారం చదువరులకు పరిచయం చేయదలిచాము. ఆమె పేరు కృపాబాయి సత్యనాథన్. ముప్పై రెండేళ్లు మాత్రమే జీవించి, ఇంగ్లీషులో రెండు నవలలు రాసిపోయిన భారతీయ క్రైస్తవ స్త్రీ.

పుట్టిన ఇల్లు

కృపాబాయి 1862లో అహ్మద్‌నగర్‌లో జన్మించారు. తండ్రి హరిపంత్ ఖిస్తీ, తల్లి రాధాబాయి. బొంబాయి రాష్ట్రంలో బ్రాహ్మణ కులం నుండి క్రీస్తును అంగీకరించిన మొదటితరం వారిలో ఈ దంపతులు ఉన్నారు. హరిపంత్ గారు సువార్త సేవలోనే జీవితం గడిపారు. పద్నాలుగు మంది పిల్లలలో కృపాబాయి పదమూడవ సంతానం.

ఆమె చిన్నతనంలోనే తండ్రి ప్రభువునందు నిద్రించారు. అప్పుడు అన్నగారు భాస్కర్ ఆమెకు గురువయ్యారు. పుస్తకాలు చేతికిచ్చి చదివించారు. ఆడపిల్లకు ఇంత చదువెందుకని అడిగే కాలంలో, దేశానికి నీవేమి చేయగలవో ఆలోచించమని చెల్లెలికి నేర్పినవారాయన. ఆయన కూడా యౌవనంలోనే కన్నుమూశారు. ఆ దుఃఖం ఆమెను జీవితాంతం విడువలేదు.

ఆ తరువాత ఆమె బొంబాయిలో స్త్రీల మిషను వారి వసతిగృహంలో ఉండి చదువుకున్నారు. వైద్యవిద్య కోసం ఇంగ్లండు వెళ్లే అవకాశం వచ్చింది గానీ, ఆరోగ్యం అంతంత మాత్రమే కావడంతో ఆ ప్రయాణం ఆగిపోయింది. మద్రాసు వైద్య కళాశాల 1875లోనే స్త్రీలకు తలుపులు తెరిచింది. 1878లో కృపాబాయి అక్కడ చేరారు. మొదటి ఏడాది చదువులో మంచి పేరు తెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆరోగ్యం దెబ్బతిని కళాశాల విడువవలసి వచ్చింది. డాక్టరు కావాలన్న ఆశ అక్కడితో ముగిసింది.

మెట్టిన ఇల్లు

మద్రాసులో చదువుకునే రోజుల్లో ఆమెకు ఆశ్రయమిచ్చిన ఇల్లు రెవరెండ్ డబ్ల్యు.టి. సత్యనాథన్ గారిది. ఆయన చింతాద్రిపేట సీయోను సంఘానికి కాపరి. ఆయన సతీమణి అన్నా గారు బాలికల బడులు నడిపారు. తల్లుల కోసం తమిళంలో పుస్తకం కూడా రాశారు. వీరి కుమారుడు సమూయేలు కేంబ్రిడ్జిలో చదువుకున్నవాడు. 1881లో సమూయేలు, కృపాబాయిల వివాహం జరిగింది.

సమూయేలు గారికి ఊటీలో ప్రధానోపాధ్యాయుని ఉద్యోగం దొరికింది. అక్కడ కృపాబాయి ముస్లిం బాలికల కోసం ఒక బడి ప్రారంభించి, మరికొన్ని బాలికల బడులలోనూ పాఠాలు చెప్పారు. పత్రికలకు వ్యాసాలు రాయడం మొదలైందీ అక్కడే.

1884లో ఆ దంపతులు మన రాజమండ్రికి వచ్చారు. అంతకు మూడేళ్ల ముందే వీరేశలింగం పంతులు గారు ఆ ఊరిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. స్త్రీల చదువు గురించీ వితంతువుల గతి గురించీ ఊరంతా వాదోపవాదాలు నడుస్తున్న రోజులవి. గోదావరి తీరాన కృపాబాయికి జబ్బుతోనే ఎక్కువ కాలం గడిచింది. ఆ తరువాత కుంభకోణం, 1886లో తిరిగి మద్రాసు. ఒక్కగానొక్క బిడ్డ ఏడాది నిండకుండానే చనిపోయాడు. క్షయ ఆమెను క్రమంగా కృశింపజేసింది. 1890లో అత్తగారు, 1892లో మామగారు కన్నుమూశారు. రెండు నవలలూ ఈ సంవత్సరాలలోనే వెలువడ్డాయి.

రెండు పుస్తకాలు

మొదటిది "సగుణ". 1887–88లో మద్రాసు క్రిస్టియన్ కాలేజీ పత్రికలో ధారావాహికగా వచ్చింది. పేర్లు మార్చినా అది చాలావరకు ఆమె సొంత కథే. భారతీయ స్త్రీ ఇంగ్లీషులో రాసిన తొలి ఆత్మకథాత్మక నవలగా పరిశోధకులు దీనిని పేర్కొంటారు. రెండవది "కమల". 1893–94లో అదే పత్రికలో వచ్చింది. ఇది నాసిక్ ప్రాంతపు హిందూ బాలవధువు కథ. అత్తింటి ఆరళ్లు పడి, భర్తను పోగొట్టుకున్న కమలకు తనను ప్రేమించిన మనిషి నుండే పెళ్లి పిలుపు వస్తుంది. ఆమె దానిని కాదని, పరుల సేవలో మిగిలిన జీవితం గడుపుతుంది.

ఈ రచయిత్రిలో మేము ముఖ్యంగా గమనించినది ఆమె నిజాయితీ. "సగుణ"లో తల్లి కథ చూడండి. భర్త క్రీస్తును వెంబడిస్తే, తన వాళ్లనూ తన ఆచారాన్నీ విడువలేక ఆ ఇల్లాలు ఎంత కుమిలిపోయిందో కృపాబాయి దాచకుండా రాశారు. సాక్ష్యం చెప్పేటప్పుడు మనం సాధారణంగా దాటవేసే భాగం అది. భర్త బాప్తిస్మం తీసుకున్న రోజు మనకు పండుగే. ఆ రోజు ఆయన భార్య లోపల ఏమి జరిగిందని అడిగేవారు అరుదు. ఆ తల్లిని కృపాబాయి చిన్నచూపు చూడలేదు, ఆమె మొండితనాన్ని ఎగతాళి చేయలేదు.

మిషను వారి విషయంలోనూ ఇదే పద్ధతి. వారు ఇచ్చిన చదువుకు ఆమె కృతజ్ఞురాలే. అయినా దేశీయ క్రైస్తవులను తక్కువగా చూసిన కొందరు దొరసానుల గర్వాన్ని ఆమె కలం విడిచిపెట్టలేదు. దొరల వేషభాషలను అనుకరించి, సొంత జనాన్ని చూసి సిగ్గుపడే క్రైస్తవులను కూడా మందలించింది. సంఘాన్ని ప్రేమించిన మనిషే సంఘంలోని లోపాన్ని రాసింది. అలా రాసినందువల్ల ఆమె విశ్వాసానికి ఏ కొదువా రాలేదు.

ఆమె తరువాత

1894 ఆగస్టులో కృపాబాయి మరణించారు. అదే సంవత్సరం "కమల", మరుసటి ఏడు "సగుణ" పుస్తకాలుగా వచ్చాయి. త్వరలోనే రెండూ తమిళంలోకి అనువాదమయ్యాయి. మద్రాసు వైద్య కళాశాలలో చదివే స్త్రీలకు ఆమె పేరిట విద్యార్థి వేతనం ఏర్పడింది. తాను పూర్తి చేయలేని చదువును మరొకరు పూర్తి చేయడానికి ఆమె పేరే ఊతమైంది.

సమూయేలు గారు 1898లో మరల వివాహం చేసుకున్నారు. వధువు తెలుగు క్రైస్తవ కుటుంబపు బిడ్డ, మచిలీపట్నం నోబుల్ కళాశాలలో చదివిన హన్నా రత్నం కృష్ణమ్మ. వివాహం తరువాత కమలా సత్యనాథన్‌గా ప్రసిద్ధికెక్కిన ఈమె 1901లో స్త్రీల కోసం ఇంగ్లీషులో "ఇండియన్ లేడీస్ మ్యాగజైన్" స్థాపించి నడిపారు. అత్తగారు అన్నా, తరువాత కృపాబాయి, ఆ తరువాత మన తెలుగింటి కమల: ఒకే సేవకుని ఇంట ముగ్గురు రచయిత్రులు!

ఇరవయ్యవ శతాబ్దంలో కృపాబాయి పేరు చాలాకాలం మరుగున పడింది. హైదరాబాదులో పనిచేసిన సూసీ థారూ, కె. లలిత గార్లు భారతీయ స్త్రీల రచనలను సంకలనం చేసి 1991లో ప్రచురించినప్పుడు అందులో ఆమెకూ చోటు దక్కింది. 1998లో రెండు నవలలూ తిరిగి అచ్చయ్యాయి. ఆమెను వెదికి తెచ్చినవారు పరిశోధకులు. ఆ పని సంఘం చేయవలసింది.

తిమోతి విశ్వాసాన్ని గుర్తు చేసేటప్పుడు పౌలు అతని అవ్వ లోయిని, తల్లి యునీకేను పేరు పెట్టి తలచుకున్నాడు. మన సంఘాలలోనూ అలా పేరు పెట్టి తలచుకోవలసిన అవ్వలు, తల్లులు ఉన్నారు. వారి ఉత్తరాలు, దినచర్య పుస్తకాలు, చేతిరాత పాటల పుస్తకాలు ఏ ట్రంకుపెట్టె అడుగునో చెదలు పడుతున్నాయి. రాబోయే స్త్రీల సమాజపు కూటంలో ఒక గంట ఇందుకు కేటాయించండి. పెద్దవారిని అడిగి పేర్లు, ఊర్లు, సంవత్సరాలు రాసి పెట్టండి. మీ పాస్టరుగారి అమ్మాయి ఏదైనా రాస్తూ ఉంటే, అందులో సంఘం గురించి చేదు నిజం ఒకటి కనబడినా సరే, కాగితం లాక్కోకండి. చదివి, ఆమెతో కూర్చుని మాట్లాడండి.