పడవ వంపు, మంచు చెక్క

మన సింగపూరులో ఇంతవరకు నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత సుమారు 19 డిగ్రీలు. అంతకంటే చలి ఎరుగని ఈ దీవిలో ఉండే తెలుగువారికి మంచు మీద జారే చెక్కల చరిత్రతో పని ఏమిటని పెద్దలు కొందరు అడగవచ్చు. పని ఉన్నది. డిసెంబరు బడి సెలవులకు విశాఖపట్నం, శ్రీకాకుళం వెళ్ళి బంధువులను చూసి వచ్చే కుటుంబాలతోపాటు జపాను ఉత్తర దీవి హొక్కైడోకు వెళ్ళి వచ్చే కుటుంబాలూ ఇప్పుడు మనలో కనిపిస్తున్నాయి. బయలుదేరే ముందు ఇంట్లో చర్చ మొదలవుతుంది. రాకర్ ఉన్న స్కీలు తీసుకోవాలా, లేనివా? వెడల్పువా, సన్ననివా? పిల్లలు ఒకటి అంటారు, దుకాణదారు మరొకటి అంటాడు, డబ్బు ఇచ్చేది మాత్రం తండ్రి. డబ్బు సంగతి అటుంచి, మోకాలు విరిగితే మోసుకుని రావలసినదీ ఆయనే. అందుచేత ఈ వస్తువు పూర్వోత్తరాలు కొంత తెలిసి ఉండటం మంచిది.

బిషాన్ నివాసులకు ఇందులో ఇంకొక చమత్కారం ఉన్నది. పెక్ సాన్ అన్న కాంటనీసు పేరును మాండరిన్ పలుకుబడిలో అంటే బిషాన్ అవుతుంది. పచ్చని కొండలు అని అర్థం. ఒకప్పటి పెక్ సాన్ థెంగ్ శ్మశానభూమి మీద 1980 దశకంలో ఈ పట్టణం లేచింది. 1987 నవంబరు 7న ఈ దేశపు మొట్టమొదటి ఎం.ఆర్.టి. రైలు నడిచిన అయిదు స్టేషన్లలో బిషాన్ ఒకటి. పేరులో కొండ ఉన్నా జారడానికి వాలు లేదు, మంచు అసలే లేదు. మంచు చూడదలచిన పిల్లలకు 2000లో జురాంగులో స్నో సిటీ తెరిచారు. అక్కడ రబ్బరు ట్యూబులో కూర్చుని జారడం సరదాయే గాని, ట్యూబుకు వంపుల బాధ లేదు. చెక్కకు ఉన్నది.

స్కీ అన్న మాటకు ప్రాచీన నార్వే భాషలో చీల్చిన కట్టె అని అర్థం. స్వీడన్‌లో కాల్‌వ్‌త్రెస్క్ అనేచోట బురదనేలలో 1924లో బయటపడిన స్కీల జత సుమారు 5,000 ఏళ్ళ నాటిది. అంటే ఇది ఆటవస్తువు కాకమునుపు వేల సంవత్సరాలు పనిముట్టుగా ఉన్నది. వేటకు, పొరుగూరికి, కట్టెలకు, అన్నిటికీ అదే. లోతైన మంచులో కాలు దిగబడకుండా బరువును పొడుగునా పంచడం దాని పని.

పంచడం అన్నంత సులభం కాదు. తిన్నని పలుచని చెక్క మధ్య మనిషి నిలబడితే నడుము దగ్గర కుంగుతుంది, కొసలు తేలిపోతాయి. నార్వేలోని తెలెమార్క్ ప్రాంతపు పనివారు దీనికి కనిపెట్టిన ఉపాయం చెక్క నడుమును ముందుగానే పైకి వంచడం. దీనిని కాంబర్ అంటారు. లారీ కింద కమానుకట్ట చూసినవారికి వేరే వివరించనక్కరలేదు. బరువు పడినప్పుడు కమాను అణిగి, కొసనుంచి కొసదాకా నేలను సమంగా నొక్కుతుంది. ఈ ప్రాంతపు మోర్గెదాల్ గ్రామస్థుడు సోంద్రె నొర్‌హైమ్ (1825–1897) అనే పేద కౌలురైతు చెక్క నడుమును పక్కలనుంచి కొంచెం సన్నగా చెక్కి, మడమ చుట్టూ తీగెతో కట్టి, ఇష్టమొచ్చినట్టు మలుపులు తిరిగాడు. 42వ ఏట, 1868లో, రాజధాని క్రిస్టియానియా (నేటి ఓస్లో) పోటీలో పట్నవాసులను ఆశ్చర్యపరిచాడు.

ఈ నొర్‌హైమ్ కథలో మనవంటి వలస కుటుంబాల వారి మనసుకు తగిలే భాగం తరువాతిది. పేరు వచ్చింది గాని కూడు రాలేదు. 1884లో భార్యాబిడ్డలతో అమెరికా వెళ్ళి, చివరకు ఉత్తర డకోటాలోని చదును మైదానాలలో వ్యవసాయం చేసి అక్కడే కన్ను మూశాడు. జారుడు విద్యకు పెద్దదిక్కు అయిన మనిషి వాలు లేని నేలలో జీవితం ముగించాడు. మద్రాసులోనో నాగపట్నంలోనో ‘రాజులా’ ఓడ ఎక్కి పెనాంగులోనో సింగపూరులోనో దిగిన మన తాతలలో కూడా చేతిలోని విద్యకు ఇక్కడ పని దొరకనివారు ఎందరో ఉండి ఉంటారు. వారి పేర్లు ఏ పోటీలోనూ వినబడలేదు, అంతే తేడా.

ఆ కాంబర్ వంపు నూరేళ్ళకు పైగా ప్రశ్న లేకుండా చెల్లింది. చెక్క పోయి లోహం, ప్లాస్టిక్, గాజునార వచ్చినా నడుము పైకే వంగి ఉండేది. గట్టిగా తొక్కిన మంచు మీద దానిని మించినది లేదు. లోతైన పొడి మంచులో మాత్రం చిక్కు. అక్కడ నొక్కడానికి గట్టి నేల లేదు. ముక్కు మునుగుతుంది, మనిషి వెనక్కు వాలి తొడలు మండేదాకా ముక్కును పైకి పట్టి ఉంచాలి. 1980 దశకం చివర ఆస్ట్రియాలో ఆటామిక్ కంపెనీవారు చాలా వెడల్పైన స్కీలు చేశారు. వాటితో సగం చిక్కు తీరింది. మిగతా సగం నీటినుంచి వచ్చింది.

1922లో అమెరికా మిన్నెసోటా రాష్ట్రంలో పెపిన్ సరస్సు దగ్గర రాల్ఫ్ శామ్యూల్‌సన్ అనే 18 ఏళ్ళ కుర్రవాడికి పడవ వెనుక తాడు పట్టుకుని నీటి మీద జారాలని బుద్ధి పుట్టింది. పీపా చెక్కలు కట్టుకుని చూశాడు, మునిగాడు. మంచు స్కీలు కట్టుకుని చూశాడు, మునిగాడు. ఆఖరికి వెడల్పు పలకలు తెచ్చి, వాటి కొసలు తల్లి రాగి కాగులో ఉడకబెట్టి పైకి వంచాడు. అప్పుడు తేలాడు. ఇందులో పడవ కట్టేవారికి కొత్త ఏమీ లేదు. మన ఉత్తరాంధ్ర తీరంలో బెస్తవారు అలల మీదికి తోసుకుపోయే తెప్పకు ముందు దుంగల కొసలు పైకి లేచే ఉంటాయి. అల వచ్చి కొట్టినప్పుడు ముక్కు అల కిందికి పోకూడదు, పైకి ఎక్కాలి. పడవ అడుగు కొసనుంచి కొసకు ఉయ్యాలలాగా వంగి ఉండటాన్నే ఇంగ్లీషు పడవపనివారు రాకర్ అంటారు.

శామ్యూల్‌సన్ పాఠాన్ని మంచులోకి తెచ్చినవాడు షేన్ మెక్‌కాంకీ. లోతైన మంచు నేల కాదు, నీరు. అందులో నేల మీది చెక్క ఎందుకు అని అతని వాదం. 1996లో అర్జెంటీనాలో కాగితపు రుమాలు మీద బొమ్మ గీశాడని చెబుతారు. ఎవరూ నమ్మకపోతే 2001లో అలాస్కా కొండమీద నిజంగానే నీటి స్కీలు కాళ్ళకు బిగించుకుని దిగి చూపించాడు. 2002లో వోలాంట్ కంపెనీ అతని ఊహ ప్రకారం స్కీ చేసి అమ్మింది. దాని పేరు స్పాచులా, అనగా మన వంటింటి అట్లకాడ! నడుము కిందికి, రెండు కొసలు పైకి; పైగా నడుమే అన్నిటికంటే వెడల్పు. నొర్‌హైమ్ చేసినదంతా తలకిందులు చేశాడన్నమాట. మెక్‌కాంకీ 2009లో ఇటలీ పర్వతాలలో పారాషూట్‌తో కలిపి చేసిన స్కీ దూకుడులో మరణించాడు. అప్పటికే ఇతర కంపెనీలు అతని వంపును తీసుకున్నాయి.

తీసుకున్నాయి గాని యథాతథంగా కాదు. అట్లకాడ పొడి మంచులో రాజు, తొక్కిన గట్టి మంచు మీద బిచ్చగాడు. నేలను తాకేది నడుము ఒక్కటే కాబట్టి అంచు పట్టు చిక్కదు, ముందు కొస గాలిలో టపటప కొట్టుకుంటుంది. అందుచేత ముక్కు దగ్గర రాకర్, పాదం కింద కాంబర్, కొన్నిటికి తోక దగ్గర మళ్ళీ కొంచెం రాకర్ అనే రాజీ పుట్టింది. ఇప్పుడు అన్ని రకాల మంచుకూ అని అమ్మేవి చాలావరకు ఇవే. నా మట్టుకు ఈ రాజీ మెక్‌కాంకీ స్కీ కంటే గొప్ప ఆలోచన అనిపిస్తుంది. దుకాణంలో పరీక్ష తేలిక: జతను అడుగులు కలిపి నిలబెట్టి పక్కనుంచి చూడండి. నడుమ సందు కనిపిస్తే కాంబర్ ఉన్నది. కొసలు ఎంత ముందునుంచి విడిపోతే అంత రాకర్.

తెలుగులో మనకు అన్నిటికీ మంచు అనే ఒకే మాట. పొగమంచూ మంచే, మంచుగడ్డా మంచే. కొండమీద మాత్రం ఉదయం పిండిలా ఉన్నది మధ్యాహ్నానికి పదిమంది దున్నిన చేను అవుతుంది; ఎండ తగిలి రాత్రి గడ్డకట్టినది మర్నాడు పెంకులా పగులుతుంది; నీడ వాలులో గాజులా ఉంటుంది. ఒక్క రోజులోనే ఇన్ని తగులుతాయి. పాదం కింద వెడల్పు 85 మిల్లీమీటర్లకు లోపువి గట్టి మంచుకు, 110 దాటినవి లోతు మంచుకు, 95–105 మధ్యవి రెంటికీ కొంత కొంత. రాకర్ ఎక్కువైనకొద్దీ గట్టి మంచు మీద స్కీ అసలు పొడవు కంటే పొట్టిదిగా ప్రవర్తిస్తుంది కనుక కాస్త పొడుగువి ఇస్తారు. కొత్తవారు అందుకు బెదరనక్కరలేదు, ముక్కు తేలి ఉండటంచేత అవి తిరగడానికి తేలికే.

జపానుకు ఈ విద్య తెచ్చినవాడు ఆస్ట్రియా సైన్యాధికారి థియొడోర్ ఫాన్ లెర్ఖ్. 1911 జనవరి 12న నీగాటా జిల్లా తకదాలో సైనికులకు మొదటి పాఠం చెప్పాడు. మరుసటి ఏడు హొక్కైడో వెళ్ళాడు. సైబీరియా చలిగాలి జపాను సముద్రం మీద తేమ పుచ్చుకుని ఆ దీవి కొండలమీద తేలికైన పొడి మంచుగా కురుస్తుంది. నిసెకో వైపు ఒక్కో శీతకాలంలో పది మీటర్లకు పైగా పడుతుంది. ఆ పేరు విని మనవారు 115 మిల్లీమీటర్ల వెడల్పు స్కీలకు ఎగబడుతున్నారు. అయితే ఆ లోతు మంచు జనవరి, ఫిబ్రవరి నెలలది. మన బడి సెలవులు నవంబరు, డిసెంబరులలో. డిసెంబరు మొదట్లో అక్కడ పరుపు ఇంకా పలుచన, తెరిచిన దారులు కొద్ది, జనం తొక్కినది ఎక్కువ. ఆ వారానికి 90–95 వెడల్పుతో ముక్కుమాత్రం లేచిన స్కీ చాలు. చీనా కొత్త సంవత్సరం సెలవులకు వెళ్ళేవారు వెడల్పువి అడిగితే అర్థం ఉన్నది.

అద్దె దుకాణంలో బరువు, వయసు, అనుభవం అడుగుతారు. పడినప్పుడు బూటు ఊడిరావలసిన బిగింపును వాటినిబట్టే తిప్పుతారు. ఆడవారు బరువు తగ్గించి, మగపిల్లలు అనుభవం పెంచి చెప్పడం ఇక్కడ వినోదం కాదు. బరువు తక్కువ చెబితే అనవసరంగా ఊడుతుంది, అనుభవం ఎక్కువ చెబితే ఊడవలసినప్పుడు ఊడదు. లోతు మంచు రోజున చెట్ల మొదళ్ళకు దూరంగా ఉండాలి. కొమ్మల కింద మంచు గుల్లగా ఉండి నుయ్యిలా మింగుతుంది, తలకిందులుగా పడినవాడు స్వయంగా లేవలేడు. రాకర్ ఉన్న స్కీ కొత్తవాడిని కూడా సులువుగా ఆ చెట్లదాకా తీసుకుపోతుంది కనుక ఈ మాట చెప్పవలసి వచ్చింది. ఇద్దరిద్దరుగా, ఒకరికొకరు కనబడే దూరంలో వెళ్ళండి.

ఏటా ఒక్క వారం వెళ్ళేవారు స్కీలు కొని బిషాన్ ఫ్లాటులో మంచం కింద దాచనక్కరలేదు. మన ఉక్కకు వాటి ఉక్కు అంచులు తుప్పు పడతాయి. కొనాలనే ఉంటే ముందు బూట్లు కొనండి. స్కీ ఏ వంపుదైనా దానికి మన మాట చేరవేసేది బూటే, ఒకరి పాదానికి కుదిరినది ఇంకొకరికి కుదరదు. కొనేటప్పుడు సాయంకాలం వెళ్ళండి, పాదాలు అప్పటికి కాస్త ఉబ్బి ఉంటాయి.