పాత గణనయంత్రాలు – పదిలపరచవలసిన చరిత్ర

హోసూరు చంద్రచూడేశ్వరస్వామి కొండను, కృష్ణగిరి కోటను చూపి మన విద్యార్థులకు గత చరిత్ర బోధిస్తాము. కంప్యూటర్ల చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు ఏమి చూపగలము? ఈ ప్రశ్న నన్ను చాలా కాలంగా వేధిస్తున్నది.

మన దేశంలో ఈ చరిత్ర ఘనమైనదే. బొంబాయిలోని టాటా మౌలిక పరిశోధన సంస్థలో మన శాస్త్రజ్ఞులు నిర్మించిన యంత్రం 1960లో పని ప్రారంభించింది. 1962లో నెహ్రూగారు దానికి ‘టిఫ్రాక్’ అని నామకరణం చేశారు. మదరాసు ఐ.ఐ.టి.లో 1973లో ఐ.బి.ఎం. 370 మెయిన్‌ఫ్రేమ్ నెలకొన్నది. తెలుగువారికి మరింత గర్వకారణం హైదరాబాదు. 1967లో ఏర్పడిన ఇ.సి.ఐ.ఎల్. సంస్థను తీర్చిదిద్దినవారు పశ్చిమ గోదావరి జిల్లాకు చెందిన అయ్యగారి సాంబశివరావుగారు. ఆ సంస్థ 1969లో టి.డి.సి.-12, 1974లో టి.డి.సి.-312, 1975లో టి.డి.సి.-316 యంత్రాలను రూపొందించింది.

ఇట్టి యంత్రాలను కాపాడుట సాధ్యమేనా అను సందేహానికి ఇంగ్లండులో సమాధానమున్నది. హార్వెల్ పరిశోధన కేంద్రంలో 1951లో పనిచేయనారంభించిన రెండున్నర టన్నుల గణనయంత్రం, 1957లో వుల్వర్‌హాంప్టన్ కళాశాలకు చేరి, 1973 వరకు విద్యార్థులకు పాఠం చెప్పింది. తరువాత బర్మింగ్‌హామ్ ప్రదర్శనశాలకు చేరింది. అది 1997లో మూతపడగా, యంత్రాన్ని విడదీసి గోదాములో ఉంచారు. 2009లో దానిని బ్లెచ్లీ పార్కుకు తరలించి బాగుచేయగా, 2012 నవంబరులో అది మళ్ళీ లెక్కలు చేసింది. విడదీసిన భాగాలను పారవేయక దాచినందువల్లనే ఇది సాధ్యమైనది.

దాచుటకు గొప్ప ధనం అక్కరలేదు, శ్రద్ధ కావాలి. విప్పేముందు ఛాయాచిత్రాలు తీయాలి. ప్రతి తీగకు చీటీ కట్టాలి. బ్యాటరీలు కారి పలకలను తినివేయకుండా ముందే తొలగించాలి. తేమ, ధూళి, చెదలు సోకకుండా నేలకు ఎత్తుగా ఉంచాలి. చేతిపుస్తకాలను యంత్రంతోపాటే భద్రపరచాలి. ఏళ్ళ తరబడి ఆగిన యంత్రానికి ఒక్కసారిగా విద్యుత్తు ఇవ్వరాదు.

ఈ నీతి నేను ఆలస్యంగా గ్రహించాను. మన పాఠశాల మొదటి కంప్యూటరు సామాను గదిలో మూలబడి ఉండగా, పనికిరాని వస్తువుల జాబితాపై సంతకం చేసినదాన్ని నేనే. పాత ఇనుము కొనేవాడు దానిని తూచి తీసుకుపోయాడు. ఈ సంచిక కోసం పూర్వవిద్యార్థుల పట్టిక వెదకినప్పుడు, మూడు సంవత్సరాల పేర్లు ఆ యంత్రంలోనే ఉండిపోయినవని తెలిసినది. అందువల్లనే ఈ పుటల్లో ఆ మూడు తరగతుల స్థానం ఖాళీగా ఉన్నది.

పరరాష్ట్రంలో తెలుగు మాధ్యమాన్ని డెబ్బది ఐదేండ్లు నిలుపుకొన్న మనకు, ఒక్క పేరు పోయినా నష్టమే. కావున పూర్వవిద్యార్థులకు నా మనవి: మీ తరగతి ఛాయాచిత్రాలు, పేర్లు, పాత పుస్తకాలు, పాత యంత్రమేదైనా ఉంటే మాకు అందజేయండి. ఒక బీరువాను, పొడిగా ఉండే ఒక గదిని ఇందుకై కేటాయించితిమి. దాని తాళపుచెవితోపాటు ఈ బాధ్యతను కూడా నా తరువాత వచ్చువారికి అప్పగించెదను.