పాట సంపాదించిన సొమ్ము – బెంగుళూరు నాగరత్నమ్మగారు

మా బుచ్చయ్యపేట రామమందిరంలో త్యాగరాజ కీర్తనలు పాడేవారిని చాలామందిని విన్నాను. ఆ మహానుభావుని సమాధి చాలాకాలం ఆలనాపాలనా లేక పడి ఉండేదనీ, దానికి గుడి కట్టించినది ఒక గాయనియనీ వారిలో కొందరికే తెలుసు. అందుచేత ఈ ప్రత్యేక సంచికలో ఆమెను గురించి నాలుగు మాటలు మనవి చేస్తున్నాను.

నాగరత్నమ్మగారు 1878లో మైసూరు ప్రాంతంలోని నంజనగూడులో దేవదాసీ కుటుంబంలో జన్మించారు. తల్లి పుట్టలక్ష్మి. చిన్నతనంలోనే తల్లిని పోగొట్టుకొన్నా, సంగీత సాహిత్యాలు రెండూ శ్రద్ధగా అభ్యసించారు. బిడారం కృష్ణప్పగారు ఆమె గురువులలో ఒకరు. బెంగుళూరు నుండి మద్రాసు చేరి వెయ్యికి పైగా కచేరీలు చేశారు. గ్రామఫోను రికార్డులిచ్చిన తొలితరం గాయనులలో ఆమె ఒకరు. మద్రాసులో ఆదాయపు పన్ను కట్టిన మొదటి కళాకారిణి ఆమేనని కూడా చెప్పుకొంటారు.

1910లో ఆమె ముద్దుపళని రచించిన ‘రాధికాసాంత్వనము’ను పరిష్కరించగా వావిళ్లవారు ముద్రించారు. ముద్దుపళని 18వ శతాబ్దపు తంజావూరు ఆస్థాన కవయిత్రి. ఆ కావ్యం ఆడవారు వినదగనిదని కందుకూరి వీరేశలింగం పంతులుగారంతటివారు నిందించారు. మగవారు శృంగారం వ్రాస్తే ప్రబంధమై, ఆడది వ్రాస్తే బూతెందుకయిందని నాగరత్నమ్మగారు తమ పీఠికలో నిలదీశారు. అయినా ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించి ప్రతులు స్వాధీనం చేసుకొంది. టంగుటూరి ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రిగా ఉండగా గాని ఆ నిషేధం తొలగలేదు. గుమాస్తాగిరీ చేసినవాణ్ణి కనుక ఒక్క మాట అంటాను: ఒక ఉత్తర్వు రద్దు కావడానికి ముప్పైయేళ్లు దాటింది!

తిరువయ్యూరులో త్యాగరాజ సమాధి పాడుపడి ఉన్నదని 1921 ప్రాంతంలో గురువుగారి ద్వారా ఆమెకు తెలిసింది. నగలు అమ్మి, కూడబెట్టిన సొమ్ము తీసి గుడి కట్టించారు. 1925లో ప్రతిష్ఠ జరిగింది. విచిత్రమేమంటే, ఏటా పుష్యబహుళ పంచమినాడు అక్కడ జరిగే ఆరాధనలో స్త్రీలు పాడరాదనే కట్టుబాటు ఉండేది. గుడి కట్టించినామె కూడా పాడరాదు! ఆమె తగవుకు కూర్చోలేదు. 1927లో స్త్రీలందరినీ కూడగట్టి అదే సమాధి వద్ద వేరుగా ఆరాధన మొదలుపెట్టారు. క్రమంగా పక్షాలన్నీ ఒక్కటై, 1940 నాటికి స్త్రీ పురుషులు ఒకే ఆరాధనలో పాల్గొనే రోజు వచ్చింది.

ఇటువంటివారు ఇతర దేశాలలోనూ ఉన్నారు. జర్మనీలో లిల్లీ లేమన్ (1848–1929) అనే ఒపేరా గాయని ఉండేది. 1876లో వాగ్నర్ బైరాయిట్‌లో జరిపిన తొలి ఉత్సవంలో పాడింది. పేరుప్రతిష్ఠలు పండిన తరువాత మొజార్టు పుట్టిన సాల్జ్‌బర్గులో ఆయన పేర ఉత్సవాలు నడిపి, సంగీత విద్యాలయ భవనానికి పాటుపడింది. అయితే ఆమెను ‘నువ్వు ఆడదానివి, ఇక్కడ పాడకు’ అన్నవారు లేరు. ఒపేరాలో స్త్రీ పాత్రకు స్త్రీయే పాడాలి కదా! మన నాగరత్నమ్మగారు గుడి కట్టడంతోబాటు పాడే హక్కును కూడా కట్టవలసి వచ్చింది.

చివరి సంవత్సరాలు ఆమె తిరువయ్యూరులోనే గడిపారు. తమ ఆస్తిని ట్రస్టుకు అప్పగిస్తూ, స్త్రీలకు అక్కడ పాడే అవకాశం ఎప్పటికీ ఉండాలని వీలునామాలో షరతు వ్రాయించారు. నోటిమాటగా వదలివేస్తే తమ తరువాత ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. 1952 మే 19న కన్నుమూశారు. త్యాగరాజస్వామికి ఎదురుగా ఆమె సమాధి, విగ్రహం ఉన్నాయి.

జీవితమంతా సంపాదించినది చివరకు దేనికి వినియోగించాలన్న ప్రశ్న మన పింఛనుదారులందరికీ ఉన్నదే. ఆమె సమాధానం ఇది. తిరువయ్యూరు యాత్రకు వెళ్లే సభ్యులు స్వామికి నమస్కరించి, వెనుదిరిగి ఆ తల్లికి కూడా ఒక నమస్కారం పెట్టి రండి.