ఏడు ఎత్తులకు పేర్లు పెట్టినవాళ్లు

అమెరికాను మొదటి ప్రపంచ యుద్ధానికి దూరంగా ఉంచిన నేతగా ఓట్లడిగి 1916లో రెండోసారి అధ్యక్షుడిగా గెలిచిన ఉడ్రో విల్సన్, మరుసటి ఏప్రిల్‌లోనే జర్మనీ మీద యుద్ధానికి దిగాడు. జనం మనసు మార్చాలి కదా! వారం తిరిగేసరికి ప్రచార సంఘం ఒకటి పెట్టి, పత్రికా రచయిత జార్జ్ క్రీల్‌కు అప్పగించాడు. ఆ సంఘం వాడిన సాధనాల్లో నాకు అన్నిటికంటే గడుసుగా తోచేది నాలుగు నిమిషాల ఉపన్యాసం. సినిమా హాల్లో రీలు మార్చే వ్యవధిలో లేచి మాట్లాడే స్వచ్ఛంద వక్తలు సుమారు 75,000 మంది. అంశాలు వాషింగ్టన్ నుంచి బులెటిన్లలో వచ్చేవి, గొంతు మాత్రం ఊళ్లో అందరూ ఎరిగినవాడిది. సర్కారు చెబితే శంకించే మాటనే తెలిసినాయన చెబితే నమ్మబుద్ధవుతుంది.

బ్రిటన్ 1915లోనే, జర్మన్ సైన్యం అకృత్యాల మీద వెలువరించిన బ్రైస్ నివేదికతో ఇంకో దారి తొక్కింది. బెల్జియంలో జర్మన్ సైనికులు పౌరుల్ని చంపిన మాట నిజం. ఆ నిజానికి, ప్రమాణం చేయించకుండా రాసుకున్న వాంగ్మూలాల్లోని భీకర కథలు జోడించారు. యుద్ధం ముగిశాక ఆ కథల్లో చాలా నిలబడలేదు. రెండో ప్రపంచ యుద్ధంలో యూదుల ఊచకోత వార్తలు వస్తే, ఇదీ అలాంటి కట్టుకథేనని కొట్టిపారేసినవాళ్లున్నారు. అబద్ధపు ప్రచారం చేసిన అసలు నష్టం అది.

క్రీల్ సంఘంలో పనిచేసిన ఎడ్వర్డ్ బెర్నేస్ ఈ విద్యను బజారులోకి తెచ్చాడు. 1929 ఈస్టర్ నాడు న్యూయార్క్ ఊరేగింపులో యువతుల చేత సిగరెట్లు వెలిగింపజేసి, వాటికి ‘స్వేచ్ఛా జ్యోతులు’ అని పేరు తెచ్చాడు. వెనక ఉన్నది పొగాకు కంపెనీ.

1937లో క్లైడ్ మిల్లర్ తదితరులు న్యూయార్క్‌లో ప్రచార విశ్లేషణ సంస్థ పెట్టి ఏడు ఎత్తులకు పేర్లిచ్చారు. ఎదుటివాడికి చెడ్డ ముద్ర వేయడం, అర్థం తేలని తళుకు మాటలు, పూజ్యమైన చిహ్నం చాటున నిలబడటం, పేరున్నవాళ్ల చేత చెప్పించడం, నేనూ మీలాంటివాణ్ణే అనడం, అనుకూలమైనవే చూపడం, అందరూ ఇటే వస్తున్నారనడం. మన ఎన్నికల సభలు చూసినవాళ్లకు ఉదాహరణలు చెప్పనక్కర్లేదు. 1939లో రేడియో మతబోధకుడు కాఫ్లిన్ ప్రసంగాలకు, ఏ ఎత్తు దగ్గర ఆ గుర్తు వేసి, పుస్తకమే తెచ్చారు. ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఎత్తును పట్టిస్తుందే గాని, మాట నిజమో కాదో తేల్చదు. నిజం చెప్పేవాడూ ఇవే ఎత్తులు వేయొచ్చు.

1941 డిసెంబర్‌లో అమెరికా మళ్లీ యుద్ధంలో దిగింది. ఇక సొంత ప్రభుత్వ ప్రచారాన్నీ అదే గీటురాయి మీద పెట్టాలి. యుద్ధకాలంలో నిష్పాక్షిక విశ్లేషణను అపార్థం చేసుకుంటారంటూ 1942 మొదట్లో సంస్థ పని ఆపేసింది. అదే ఏడాది జూన్‌లో ప్రభుత్వం యుద్ధ సమాచార కార్యాలయం తెరిచింది.